ఆటయే జీవికగా : హైదరాబాదు హబీబు చరిత్రము

భారతము ఆదిపర్వమునందు ద్రోణుడు హస్తినాపురమునకు వచ్చిన కథ అందరు నెరిగినదే. కురుకుమారులు పురము వెలుపల ఆడుకొనుచుండగా వారి బంతి బావిలో పడెను. అంతమంది యుండియు దానిని పైకి తీయు ఉపాయము వారికి తోచలేదు. అటుగా వచ్చిన బ్రాహ్మణుడొకడు బాణమునకు బాణము తగిలించి, త్రాడువలె పేర్చి, ఆ బంతిని పైకి తెచ్చెను. ఈ కథ విన్నవారెల్లరు ఆ విలువిద్యను మెచ్చుకొందురు. ఆ విలుకాడు ఆనాడు ఏ స్థితిలో నుండెనో తలచువారు తక్కువ. అతడు జీవిక వెదకికొనుచు వచ్చినవాడు. కొడుకునకు పాలు పోయజాలని యింటివాడు. బాల్యమిత్రుడగు ద్రుపదుని సభలో అవమానము పొందినవాడు. తన విద్య నెరిగి కూడు పెట్టు ప్రభువు అతనికి కావలెను. బావిలో పడిన బంతి అతనికి ఉద్యోగము నిప్పించెను.

ఆ ఉద్యోగముయొక్క పర్యవసానము భీష్మపర్వమున కానవచ్చును. యుద్ధారంభమున ధర్మరాజు ఆయుధములు విడిచి కాలినడకను పోయి భీష్మ ద్రోణ కృప శల్యులకు మ్రొక్కగా, తాము ధనముచేత కౌరవులకు కట్టువడిన వారమని వారు చెప్పిరి. ఆ మాట సిగ్గుపడి చెప్పిరో, ఉన్నది యున్నట్లు చెప్పిరో చదువరులే నిర్ణయించుకొనవలెను. ఒకటి మాత్రము నిశ్చయము. కూడు పెట్టినవాని పక్షమున నిలిచిన తరువాత భీష్మద్రోణులు పోరులో లోపము చేయలేదు. శల్యుడొక్కడు కర్ణుని రథముమీద కూర్చుండి కర్ణుని మనసే విరిచెను. కావుననే లోకము శల్యసారథ్యమను మాటను తిట్టుగా వాడుచున్నది. వేతనము పుచ్చుకొనుట వలన ఎవ్వనికిని ఆ తిట్టు రాలేదు.

విద్య నమ్ముకొని బ్రతుకువాని గౌరవమేమి యను ఈ ప్రశ్న మన కాలమున ఆటగాండ్ర విషయమున మరల పుట్టినది. తెలుగునేలపై పుట్టి, పదునేడవ యేట ఇల్లు విడిచి, పరదేశము వంటి కలకత్తా నగరమున ఫుట్‌బాలు ఆటనే వృత్తిగా జేసికొని, పదునెనిమిదేండ్లలో ఎనిమిది మజిలీలుగా మూడు జట్ల నడుమ తిరిగిన హైదరాబాదు వాస్తవ్యుడు మహమ్మదు హబీబు జీవితము ఆ ప్రశ్నకు మంచి ఉదాహరణము.

గడివేముల ప్రాంతపు పెద్దలకు ఈ తిరుగుడు క్రొత్త సంగతి కాదు. ఉగాదికి జీతగాండ్రను కుదుర్చుకొను వాడుక ఈ నేలయందు తరతరములుగా నుండెను. ఒక యేడు ఒక ఆసామి యింట పనిచేసినవాడు మరుసటి యుగాదికి మరొక ఆసామి యింట కుదురును. దానిని ఎవ్వరును ద్రోహమనరు. కాని ఆ ఆసాములిద్దరును గట్టు తగవు పడి మాటలు లేనివారైనచో జీతగాని పని కత్తిమీద సాము. నిన్నటి యజమాని గుమ్మము ముందుగానే నేటి యజమాని బండి తోలవలెను. హబీబు స్థితి సరిగా నిట్టిది. అతడు కొలువుచేసిన మూడు క్లబ్బులును ఒకదానికొకటి ఆజన్మ ప్రత్యర్థులు.

కందుక క్రీడ మన కావ్యములకు క్రొత్త కాదు గాని, అందు బంతి చేతిలోనిది, ఆడువారు రాచకన్నెలు. కాలితో తన్ను ఈ ఆట ఆంగ్లేయ సైనికులతో ఓడ దిగినది. పండితులు దీనికి పాదకందుకమని పేరు కల్పించిరి. జనులు ఆ పేరును మన్నించి ప్రక్కన బెట్టి ఫుట్‌బాలనియే పిలుచుచున్నారు. తెలుగువారి నగరములలో ఈ ఆట వేళ్లూనినది ప్రధానముగ హైదరాబాదు సికిందరాబాదులందు. దండు బజారులు, రెజిమెంట్ల మైదానములు, నిజాము కాలపు పోలీసు బలగము దీనికి పాదు లైనవి.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలుచుకొనెను. 1950లో ఢిల్లీ డ్యూరాండు కప్పు తుది పోటీయందు కలకత్తా మోహన్ బగాన్ జట్టు నోడించెను. ఈ జట్టును తీర్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీము. 1909లో జన్మించిన ఈయన వృత్తిచేత ఉపాధ్యాయుడు. బంతిని గాలిలోనికి పొడవుగా తన్ని దానివెంట పరుగెత్తు పాత పద్ధతిని మాన్పించి, నేలబారుగా ఒకరినుండి ఒకరికి అందించుకొనుచు ముందుకు పోవు పద్ధతిని ఆయన నేర్పెను. ఆయన శిక్షణములో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచెను. 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందెను. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 గోళ్లతో నోడించి మరల ఆసియా స్వర్ణము సాధించెను. అప్పటికే ఆయన దేహమును పుట్టకురుపు తినుచుండెను. 1963 జూన్ 11న ఆయన కన్నుమూసెను. 2024లో ఆయన చరిత్రము "మైదాన్" అను హిందీ చలనచిత్రముగా వచ్చినది గావున నేటి యువకులు ఆ పేరు వినియుందురు.

ఈ కీర్తియంతయు ఉండగా ఆటగాని యింట పొయ్యి వెలుగుట యెట్లు అను సంగతి విచారింపవలసియున్నది. ఆనాటి ఒలింపిక్సు నియమముల ప్రకారము ఆటగాడు ఆట కొరకు ధనము పుచ్చుకొనుటకు వీలు లేకుండెను. కావున మన దేశమున ఒక మధ్యేమార్గము ఏర్పడెను. ఆటగానికి పోలీసు శాఖయో, రైల్వేయో, ఓడరేవు సంస్థయో, బ్యాంకో ఉద్యోగ మిచ్చును. కాగితముమీద అతడు కానిస్టేబులు, గుమాస్తా, తనిఖీదారు. నిజమునకు అతని పని ఆ సంస్థ జట్టున ఆడుట. మోకాలు చెడిన పిదపను ఉద్యోగము నిలుచును, పింఛను వచ్చును. బీదయింటి బిడ్డకు ఇంతకు మించిన భరోసా లేదు. ఇందు కపటము కొంత యున్నదని అనవచ్చును. కాని ఆ కపటము వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టినది.

ఆంగ్లదేశమున ఈ సమస్య అంతకుముందే తలయెత్తి వేరు విధముగ తీరినది. అచట ఆటను నడపిన దొరలు డబ్బున్నవారు. ఉచితముగ నాడుటయే మర్యాద యని వారి భావము. ఉత్తరపు మిల్లు పట్టణములనుండి వచ్చిన కార్మికులకు ఒక పూట ఆడుటయన్న ఒక పూట కూలి పోవుట. 1884లో ప్రెస్టన్ జట్టు తాను ఆటగాండ్రకు డబ్బిచ్చుచున్నానని బాహాటముగ నొప్పుకొనగా పెద్ద రగడ జరిగెను. 1885లో అచటి ఫుట్‌బాలు సంఘము వేతనమును ధర్మసమ్మతముగా అంగీకరించెను. అయినను 1901 మొదలు వారానికి నాలుగు పౌనులకు మించి యీయరాదను కట్టడి పెట్టిరి. ఆ హద్దు పెరుగుచు ఇరువది పౌనులకు వచ్చి 1961లో గాని తొలగలేదు. అంతకన్న విపరీతము మరొకటి కలదు. ఒడంబడిక కాలము తీరినను క్లబ్బు విడువనిదే ఆటగాడు వేరొక క్లబ్బునకు పోరాదు. జార్జి ఈస్ట్‌హాం అను ఆటగాడు న్యాయస్థానమున కెక్కగా 1963లో ఆ కట్టుబాటు అన్యాయమని తీర్పు వచ్చెను.

కలకత్తాలో వ్యవహారము దీనికి తలక్రిందులు. అచట కాగితముమీద జీతము లేదు గాని, ఏటేట ఇష్టమైన జట్టునకు పోవు స్వేచ్ఛ ఆటగానికి ఉండెను. బంగాళమువారి సంవత్సరాది, వైశాఖపు మొదటి దినము, మన యుగాదికి కొలది దినముల వెనుక వచ్చును. ఆనాడు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మైదానములందు గోలు స్తంభములకు పూజ చేయుదురు. మనవారు ఏరువాకకు కాడికి బొట్టు పెట్టినట్లే. అది ఆటల యేటికి ఆరంభము. అంతకుముందే ఆటగాండ్రు ఐ.ఎఫ్.ఏ. కార్యాలయమునకు స్వయముగా వచ్చి, రానున్న యేడు ఏ జట్టున ఆడెదరో సంతకము చేయవలసి యుండెను. ఆ దినములలో క్లబ్బుల మనుష్యులు పేరుపొందిన ఆటగాండ్రను రహస్యముగ ఇండ్లలో దాచి, కాపలా పెట్టి, సంతకపు వేళకు బందోబస్తుతో తెచ్చెడివారు. త్రోవలో ప్రత్యర్థులు ఎత్తుకొని పోవుటయు కలదు. రుక్మిణీకల్యాణమున పెండ్లికూతునకు కూడ అంత కాపలా యుండెనో లేదో. నోటిమాట మీద ఒప్పుకొన్న మొత్తము ఏడాది గడచునప్పటికి పూర్తిగా చేతికి వచ్చుట వేరు మాట.

ఆ మూడు క్లబ్బుల పుట్టుపూర్వోత్తరములు కొంత చెప్పక తప్పదు. మోహన్ బగాన్ 1889లో పుట్టినది. 1911 జూలై 29న ఆ జట్టువారు, ఒక్కరు తప్ప అందరును వట్టి కాళ్లతో ఆడి, బూట్లు తొడిగిన ఈస్ట్ యార్క్‌షైరు పటాలమును 2-1తో నోడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గైకొనిరి, స్వదేశోద్యమ దినములలో అది దేశమంతట ప్రతిధ్వనించినది. మహమ్మడన్ స్పోర్టింగ్ 1891 నాటిది; 1934 మొదలు 1938 వరకు వరుసగా ఐదేండ్లు కలకత్తా లీగును గెలిచినది. ఈస్ట్ బెంగాల్ 1920లో, పద్మానదికి ఆవలి తూర్పు బంగాళము వారి అభిమానముతో పుట్టినది. దేశవిభజన తరువాత ఇల్లువాకిలి విడిచి వచ్చిన కాందిశీకులకు అది పుట్టినూరి గుర్తుగా నిలిచినది. కావున ఈ జట్ల పోటీ ఆటతో ముగియునది కాదు. అది ఊరి తగవు, పుట్టుక తగవు, ఇంటింటి తగవు. ఒక జట్టు గెలిచిన సాయంత్రము రొయ్యలు ప్రియమగును, మరియొకటి గెలిచిన సాయంత్రము పులస ప్రియమగును. మన గోదావరివారి పులసయే వారి ఇలీషు.

హబీబునకు ముందే ఈ త్రోవ త్రొక్కిన హైదరాబాదువారు కలరు. గోలు కాపరి పీటర్ తంగరాజు 1935లో హైదరాబాదున పుట్టి, సైన్యమున మద్రాసు రెజిమెంటు పక్షమున ఆడి, పిమ్మట కలకత్తా చేరి మూడు పెద్ద క్లబ్బుల గోళ్లను కాచెను. సికిందరాబాదు వైపు అమ్ముగూడకు చెందిన తులసీదాసు బలరాము 1957లో ఈస్ట్ బెంగాల్ చేరి, 1961లో దానికి నాయకుడై, 1963లో బి.ఎన్.ఆర్. రైల్వే జట్టునకు పోయెను. అచట జీతమున్నది, ఆట యున్నది, ఆరోగ్యము లేకపోయెను. ఊపిరితిత్తుల జబ్బుచేత ఇరువదియేడవ యేటనే అతడు ఆట మానవలసి వచ్చెను. ఆటగాని ఆయువు ఎంత స్వల్పమో దీనివలన తెలియును. పొలము దున్నువాడు అరువదేండ్లు వచ్చువరకు దున్నును. పురాణము చెప్పువాడు పండ్లూడిన పిదపను చెప్పును. ఫుట్‌బాలు ఆడువాడు ముప్పదియైదేండ్లకు వృద్ధుడు.

హబీబు 1949 జూలై 17న హైదరాబాదున జన్మించెను. వారి యింట అన్నదమ్ములు పలువురు ఆటగాండ్రే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు జాతీయ పోటీయగు సంతోషు ట్రోఫీని గెలిచెను. రాష్ట్రము ఆ పేరుతో గెలిచినది ఆ యొక్క మారే. 1966లో హబీబు ఈస్ట్ బెంగాల్ పిలుపు నందుకొని కలకత్తా చేరెను. భాష వేరు, తిండి వేరు, వాన వేరు. ఆకారమున అతడు పొడవరి కాడు, బలిష్ఠుడును కాడు. ముందు వరుసకు కొంచెము వెనుకగా నిలిచి బంతిని కోరి తెచ్చుకొని ఆడువాడు. అతని ఆట చూచినవారెల్లరు చెప్పునది ఒక్కటే: చివరి ఈల వరకు అతడు నిలుచుండుట ఎవ్వరును చూడలేదు. బంతి పోగొట్టుకొన్నచో దానిని తిరిగి తెచ్చుకొనువరకు వెంటబడును. తోటివారు పరుగు తగ్గించినచో ఆట నడుమనే కేకలు వేయును. ఈ స్వభావమునకు మెచ్చి కలకత్తా జనులు అతనిని "బడే మియా" యని పిలువసాగిరి.

మొదటి రెండేండ్లు ఈస్ట్ బెంగాల్, 1968లో మోహన్ బగాన్, 1970లో మరల ఈస్ట్ బెంగాల్, 1974 వరకు, 1975లో మహమ్మడన్ స్పోర్టింగ్, 1976 నుండి 1978 వరకు మోహన్ బగాన్, 1979లో మహమ్మడన్, 1980, 81లలో ఈస్ట్ బెంగాల్, 1982 నుండి 1984 వరకు మోహన్ బగాన్. పై జాబితాను తాళ్లపాక దండకమువలె గుక్కతిప్పుకొనక చదువవచ్చును గాని, అందలి ఒక్కొక్క మార్పు వెనుక ఎంత బేరము, ఎంత అలుక, ఎంత ఆశ యుండునో ఊహించికొనవలెను. నిన్న భుజములపై మోసిన జనులే నేడు ఎదుటి గట్టున కూర్చుండి కేకలు వేయుదురు.

ఈ కాలమునందు అతనికి ఉద్యోగములు రాక పోలేదు. పేరుపొందిన ఆటగానికి కలకత్తాలో బ్యాంకు కొలువు, ప్రభుత్వ సంస్థ కొలువు దొరకుట కష్టము కాదు; తోటివారు పలువురు అట్లే స్థిరపడిరి. హబీబు అట్టి కొలువు స్వీకరింపక ఆటమీది రాబడితోనే బ్రతికెను. ఉదయము ఆటసాధన, మధ్యాహ్నము విశ్రాంతి, సాయంత్రము పోటీ. కొలువు చేయుచు ఆడిన కాలు సగము కాలని అతని నమ్మకము కాబోలు. ఈ కారణముననే భారతదేశపు ఫుట్‌బాలు చరిత్రయందు అతనిని మొదటి సంపూర్ణ వృత్తి క్రీడాకారుడని చెప్పుదురు. దేశమున వృత్తి జట్ల జాతీయ లీగు మొదలైనది 1996లో. అనగా నియమము పుట్టుటకు ముప్పదియేండ్ల ముందే ఒక మనుష్యుడు ఆ నియమమును తన వంటిపై వేసికొని చూచెను. ఇది సాహసమా, తెలివితక్కువయా యని అడుగువారు కలరు. పింఛను లెక్క చూచినచో తెలివితక్కువయే. కాని లెక్కలు వ్రాయువారికి తెలిసిన సంగతి యొకటి కలదు: ఖాతాయందు ఒక వైపున మాత్రమే అంకెలు వేసి మొత్తము తీయరాదు.

రెండవ వైపు అంకెలు ఇవి. 1970లో బ్యాంకాకు ఆసియా క్రీడలందు భారత జట్టు జపానును 1-0తో నోడించి కాంస్య పతకము గెలిచినప్పుడు హబీబు ఆ జట్టున ఆడెను. ఆ జట్టునకు నాయకుడు హైదరాబాదువాడే యగు సయ్యద్ నయీముద్దీను. ఈయనయు కలకత్తా జట్లయందు ఆడినవాడు; పిదప శిక్షకుడై 1990లో ద్రోణాచార్య పురస్కారము నందెను. ఈ వ్యాసము ఏ ద్రోణునితో మొదలైనదో ఆ ద్రోణుని పేరే. ఆ కాంస్యము తరువాత నేటి వరకు భారత ఫుట్‌బాలు జట్టునకు ఆసియా క్రీడలలో పతకము రాలేదు. అదే 1970 సెప్టెంబరులో ఈస్ట్ బెంగాల్ జట్టు ఇరాను దేశపు పాస్ క్లబ్బును షీల్డు తుది పోటీయందు 1-0తో నోడించెను. 1973లో ఉత్తర కొరియా ప్యాంగ్యాంగ్ జట్టును 3-1తో జయించెను. కలకత్తా లీగును 1970 మొదలు 1975 వరకు వరుసగా ఆరేండ్లు ఈస్ట్ బెంగాలే గెలిచినది. ఆ యారింట ఐదేండ్లు హబీబు ఆ జట్టువాడు.

ఆ వరుసకు తెర దించినది ఎవరో చూడుడు. 1976లో హబీబును, అతని తమ్ముడు మహమ్మదు అక్బరును మోహన్ బగాన్ జట్టున చేరిరి. జూలై 24న ఈస్ట్ బెంగాలుతో లీగు పోటీ జరిగెను. ఈల ఊదిన పదునేడు సెకనులకు, కుడి ప్రక్కనుండి ఉలగనాథను కొట్టిన బంతిని అక్బరు తలతో గోలులోనికి నెట్టెను. జనులు ఇంకను తమ చోట్ల సర్దుకొని కూర్చుండుచునే యుండిరి. ఆ యొక్క గోలుతోనే పోటీ తీరినది. ఆ యేటి లీగు మోహన్ బగానుకు దక్కినది. నిన్నటి యజమాని గుమ్మము ముందుగా బండి తోలుట యన్న నిదే.

1977 సంవత్సరము మోహన్ బగానుకు మొదట చేదుగా గడచినది. లీగు ఈస్ట్ బెంగాలునకు పోయెను. క్రొత్తగా మొదలైన ఫెడరేషను కప్పు తుది పోటీయందు బెంగుళూరు ఐ.టి.ఐ. కార్మికుల జట్టుచేత ఓటమి కలిగెను. అభిమానులు తిట్టుకొనుచుండిరి. అట్టి దినములలో న్యూయార్కు కాస్మాస్ జట్టు కలకత్తాకు వచ్చినది. ఆ జట్టున పెలె యుండెను. మూడు ప్రపంచ కప్పులు గెలిచిన బ్రెజిలు దేశపు పెలె పేరు పల్లెపల్లెకు తెలిసినదే. ఆయనయు 1974లో స్వదేశపు సాంటోసు క్లబ్బును విడిచి, 1975లో అమెరికా జట్టునకు వేతనమునకు కుదిరినవాడు. ఆయనను ఎవ్వరును కూలివాడనలేదు.

సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్సు మైదానమున ఆట. అది క్రికెట్టు మైదానము. పైగా వానకు తడిసి బురదగా నుండెను. పెలె కాళ్లు జారునేమో యని కాస్మాసువారికి దిగులు. పెలెను వెన్నంటి నిలుపు పని గౌతమ్ సర్కారున కప్పగింపబడెను. మొదటి గోలు కాస్మాసువారిదే. 1970లో బ్రెజిలుకు నాయకుడై ప్రపంచ కప్పు నెత్తిన కార్లోసు అల్బెర్టో దానిని కొట్టెను. శ్యామ్ థాపా సరిచేసెను. పిమ్మట గోలు ముందరి గుంపులోనికి దూరి హబీబు రెండవ గోలు కొట్టెను. బీదయింటి హైదరాబాదు పిల్లవాడు పెలె జట్టును వెనుకకు నెట్టిన క్షణమది. చివరికి కినాలియా పెనాల్టీ కొట్టి 2-2గా సమము చేసెను. ఆ పెనాల్టీ న్యాయము కాదని కలకత్తావారు నేటికిని వాదింతురు. వారము తిరుగగానే, అక్టోబరు 1న, పెలె తన ఆటకు స్వస్తి చెప్పెను. అనగా ఆయన జీవితపు చివరి పోటీలలో ఒకదానియందు ఎదుటి జట్టున గోలు కొట్టినవారిలో హబీబు ఒకడు.

ఆ ఆట తరువాత మోహన్ బగాన్ జట్టు వేరు జట్టు వలె మారినది. కొలది దినములకే షీల్డు తుది పోటీయందు ఈస్ట్ బెంగాలును 1-0తో నోడించినది. ఆ యేడే రోవర్సు కప్పును, డ్యూరాండు కప్పును గూడ గెలిచినది. శిక్షకుడు పి.కె. బెనర్జీ, ఆయనయు 1972 నుండి 1975 వరకు ఈస్ట్ బెంగాలును తీర్చి, 1976లో మోహన్ బగానుకు వచ్చినవాడే. ఆటగాడు మారినచో నాలుక చాచువారు శిక్షకుడు మారినపుడు ఊరకుందురు. ఇది లోకరీతి.

1980లో ఈస్ట్ బెంగాల్ ఆటగాండ్రు పలువురు ఒక్కమారుగా జట్టు విడిచి మహమ్మడన్ క్లబ్బునకు తరలిపోయిరి. వట్టిపోయిన ఆ యింటికి ముప్పదియొకటవ యేట హబీబు తిరిగి వచ్చెను. ఇరానునుండి చదువుకొరకు వచ్చిన మజీదు బిష్కరు, జమ్‌షీదు నసీరి యను యువకులును ఆ యేడే చేరిరి. ఈ కలగూరగంప జట్టు ఫెడరేషను కప్పును మోహన్ బగానుతో కలిసి పంచుకొనెను. ఆ సంవత్సరమే హబీబునకు అర్జున పురస్కారము వచ్చెను. ఆ సంవత్సరముననే, ఆగస్టు 16న, ఈడెన్ గార్డెన్సున ఈ రెండు జట్ల పోటీ జరుగుచుండగా మెట్లపై అభిమానుల నడుమ కొట్లాట రేగి, త్రొక్కిసలాటలో పదునారుగురు ప్రాణములు విడిచిరి. కూలికి ఆడువాడు సాయంత్రము స్నానము చేసి ఇంటికి పోవును. కూలి లేక అరచినవాడు శవమై ఇంటికి పోయెను. పక్షాభిమానమే పవిత్రమనియు, వేతనము మైల యనియు చెప్పువారు ఈ దినమును తలచుకొనవలెను.

మూడు ప్రత్యర్థి క్లబ్బులును హబీబును మరల మరల పిలిచిన సంగతి ఇచట గమనింపదగినది. ఒకమారు మోసము చేసిన జీతగానిని ఏ ఆసామియు మరుసటి యుగాదికి పిలువడు. ఈస్ట్ బెంగాల్ మూడు మారులు, మోహన్ బగాన్ మూడు మారులు, మహమ్మడన్ రెండు మారులు అతనిని కుదుర్చుకొనిరి. ఏ యేటి ఉప్పు ఆ యేటికి తీర్చినాడని దీనికన్న వేరు యోగ్యతాపత్రము అక్కరలేదు. అతడు భీష్మద్రోణుల కోవవాడు, శల్యుని కోవవాడు కాడు.

నష్టమును గూడ చెప్పవలెను. మేలైన కాలు ఏటేట కలకత్తాకు పోగా హైదరాబాదున మిగిలిన దేమి? రహీము పోయిన తరువాత ఆ స్థాయి గురువు దొరకలేదు. ఆటకు ఉన్న మైదానములు క్రమముగా ఇండ్లయినవి. సిటీ పోలీసు జట్టు పేరు పత్రికలందు చిన్నదగుచు వచ్చినది. పోయినవారి తప్పు ఇందు కొంతయే. కాలువ నీరు పల్లమునకు పోవును. గట్టు వేసికొనని వాడు నీటిని తిట్టి ప్రయోజనము లేదు. 2022 మార్చి 20న హైదరాబాదు ఎఫ్.సి. యను వృత్తి జట్టు గోవాలో ఇండియన్ సూపర్ లీగు తుది పోటీ గెలిచినపుడు నగరము పేరు మరల మ్రోగినది గాని, రహీము నాటివలె అది గల్లీలనుండి పుట్టిన జట్టు కాదు. దేశదేశముల వృత్తిగాండ్రు అందు ఆడిరి. హబీబు ఒంటరిగా త్రొక్కిన త్రోవ అప్పటికి రాచబాట యైనది.

ఆట మానిన పిదప హబీబు శిక్షకుడయ్యెను. జంషెడ్‌పూరునందలి టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు ఆట నేర్పెను. బంగాళమున హల్దియాలోని శిక్షణాలయమునను పనిచేసెను. జీతపు లెక్కలో చూచిన ఇదియు ఆటకూడే. చివరి యేండ్లలో అతనిని మరపు జబ్బు, వణకు జబ్బు పట్టుకొనెను. ఎనిమిది మజిలీల పేర్లు, పెలె ముఖము, తమ్ముని గోలు, అన్నియు ఒక్కటొక్కటిగా అతని తలపునుండి జారిపోయినవి. అవి కలకత్తావారి తలపున మాత్రము చెక్కుచెదరక నిలిచినవి.

2023 ఫిబ్రవరి 16న బలరాము కలకత్తాలో కన్నుమూసెను. ఆట మానిన తరువాత ఆయన హుగ్లీ నదీతీరమున ఉత్తరపాడాలోనే స్థిరపడి, హైదరాబాదునకు తిరిగి రాలేదు. అదే యేడు ఆగస్టు 15న, డెబ్బదినాలుగవ యేట, హబీబు మరణించెను. అతడు ఇల్లు చేరుకొనెను, హైదరాబాదుననే పోయెను.